పాసు మీద కలకత్తా క్రిస్మస్

రైల్వే ఉద్యోగి ఇంట్లో పెరిగిన పిల్లలకు సెలవులు ఎప్పుడిస్తారన్నదాని కంటే, నాన్న ఉచిత రైలు ప్రయాణపు పాసు ఎప్పుడు రాయిస్తారన్నదే పెద్ద విషయం. మా నాన్న వాల్తేరు డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవారు. అప్పట్లో మా డివిజన్ కలకత్తా కేంద్రంగా నడిచే ఆగ్నేయ రైల్వేలో ఉండేది. భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేలోకి మారింది 2003లో. అందుచేత మా కాలనీలో ఎవరికీ కలకత్తా పరాయి ఊరు కాదు. హెడ్డాఫీసు ఉన్న గార్డెన్ రీచ్ పేరు సాయంత్రం పూట మా వీధి అరుగుల మీద రోజూ వినిపించేది. ‘గార్డెన్ రీచ్‌కు రాశాను’, ‘గార్డెన్ రీచ్ నుంచి వచ్చింది’ అని పెద్దవాళ్లు అనుకుంటుంటే, ఆ పేరు గల పెద్దమనిషి ఒకాయన ఎక్కడో కూర్చుని మా వీధిలో అందరికీ ఓపిగ్గా ఉత్తరాలు రాస్తుంటాడని నేను చాలాకాలం నమ్మాను.

ఆ హెడ్డాఫీసులోనే లెక్కల విభాగంలో చేరిన మా బాబాయి, దగ్గరలోనే క్వార్టరు సంపాదించుకుని, 1986 నాటికి బెంగాలీ పత్రిక గడగడా చదివేంత కలకత్తా మనిషి అయిపోయాడు. ఆ ఏడు దసరా సెలవుల తరవాత నాన్నకు ఉత్తరం రాస్తూ, ‘ఈసారి క్రిస్మస్‌కు అందరూ ఇక్కడికే రండి, అసలు క్రిస్మస్ అంటే ఏమిటో వదిన చూడాలి’ అని ఒక వాక్యం చేర్చాడు. సరదాకి రాసిన ఆ వాక్యం మా అమ్మకు గుచ్చుకుంది. ‘అయితే ఇన్నాళ్లూ మనం చేసింది నకిలీదా?’ అని ఆవిడ రెండు రోజులు ముభావంగా తిరిగింది. ప్రయాణం ఆగిపోతుందని మేము బెంగపడుతున్న సమయంలో, ఎవరూ అనుకోని విధంగా మామ్మ కలగజేసుకుని, ‘నన్ను కలకత్తా పక్కనున్న సెరంపూర్ తీసుకెళ్తానంటే నేను వస్తాను’ అని తేల్చేసింది. తాతగారు పోయిన తరవాత మామ్మ నాన్న దగ్గరే ఉండేది గనక, వితంతువైన తల్లిగా ఆవిడ పేరు కూడా పాసు మీద రాయించవచ్చు. అత్తగారు వస్తానన్నాక అమ్మ రానని ఎలా అంటుంది?

అమ్మ బెంగను ఇప్పుడు నేను అర్థం చేసుకోగలను. మాది కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఉత్తరాంధ్రలో వేసిన సంఘాల తాలూకు కుటుంబం; తాతగారు బొబ్బిలి వైపు మిషన్ బడిలో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మాకు క్రిస్మస్ అంటే డిసెంబరు మొదటి వారంలోనే వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి డాబా మీద గెడకు కట్టే నక్షత్రం. పెట్రోమాక్స్ లైటు పట్టుకుని చలిలో ఇల్లిల్లూ తిరిగే క్యారల్స్ బృందం. అరిసెల పాకం కుదిరిందో లేదోనని నీళ్లలో వేసి చూసే అమ్మ, పిన్నమ్మలు. పండగనాడు తెల్లవారకముందే తలస్నానాలు చేసి, కొత్త బట్టల గంజి వాసనతో గుడికి వెళ్లడం. హిందువులైన ఇరుగుపొరుగు వాళ్లు మా ఇంటి నుంచి వెళ్లిన పళ్లేన్ని ప్రేమగా అందుకునేవారు, సంక్రాంతికి అదే పళ్లెం నిండుగా తిరిగి వచ్చేది. అయినా ఆ రోజు వాళ్లకు ఆఫీసుకు సెలవు, మాకు పండగ. ఆ ఏడు సండే స్కూలు నాటకంలో నాకు దేవదూత వేషం ఇచ్చారు. కలకత్తా ఖాయం కాగానే ఆ వేషమూ, దానితోపాటు తళుకు కాగితం అంటించిన రెండు రెక్కలూ వేరే పిల్లకు వెళ్లిపోయాయి. ఆ పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ గుర్తుంది గాని ఇక్కడ చెప్పను.

మా బండి అర్ధరాత్రి దాటాక వచ్చింది. హోల్డాలు, ట్రంకు పెట్టె, కూజా, అమ్మ పట్టుబట్టి నింపిన రెండు డాల్డా డబ్బాల అరిసెలు, జంతికలు, అన్నీ ఎక్కించి లెక్క చూసుకునేలోపు, వాల్తేరులో ఇంజను ఇటువైపు తీసి అటువైపు తగిలించే తతంగం పూర్తయింది. ఒడిశా ఎక్కడ మొదలైందో తెలియలేదు. తెల్లవారుజామున మామ్మ నన్ను తట్టి లేపితే, కిటికీ పక్కన చిల్కా సరస్సు కనిపించింది. రైలుకట్ట పక్కనే పడవలు, వాటి వెనక పొగమంచు, అది సరస్సో సముద్రమో తేల్చుకోలేని నీళ్లు. మహానది వంతెన మీద నాన్న మా చేత పది పైసల బిళ్లలు నీళ్లలోకి వేయించారు. బాప్టిస్టు ఇంట్లో అది ఎలా చెల్లిందో నాకు తెలియదు, మామ్మ మాత్రం చూడనట్టు ఊరుకుంది. మధ్యాహ్నానికి ఖరగ్‌పూర్. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని పేరు పొందిన ఆ స్టేషన్‌లో మమ్మల్ని ఆశ్చర్యపరిచింది పొడవు కాదు, తెలుగు. బెంగాల్లో అడుగుపెట్టాక, కూలీల నోటా, టీ కుర్రాడి నోటా, ఎదురు ప్లాట్‌ఫారం మీద పోట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ల నోటా మన శ్రీకాకుళం యాస వినిపించింది. బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగపూర్ రైల్వే) రోజుల్లో వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచి అక్కడికి తరలివెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయని నాన్న చెప్పారు.

హౌరాలో దిగాక పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీలో అందరం కిక్కిరిసి కూర్చుని వంతెన ఎక్కాం. 1943లో తెరిచిన ఆ వంతెనలో ఒక్క నట్టు గాని బోల్టు గాని లేదని, ఇరవై ఆరు వేల టన్నులకు పైబడిన ఉక్కునంతా రివెట్లతోనే బిగించారని నాన్న చెబుతుంటే, వింటున్న మామ్మ నెమ్మదిగా కళ్లు మూసుకుని, వంతెన దిగేదాకా తెరవలేదు. గార్డెన్ రీచ్ క్వార్టర్స్ హుగ్లీ నది ఒడ్డుకు దగ్గర. రాత్రిళ్లు ఖిదిర్‌పూర్ రేవు నుంచి ఓడల కూతలు వినిపించేవి. టాక్సీ దిగి తలెత్తగానే, పై వాటా వరండాలో ఎర్ర కాగితం నక్షత్రం ఒకటి వేలాడుతూ కనిపించింది. ‘పైన మనవాళ్లున్నారా?’ అని అమ్మ ఆశగా అడిగింది. ‘మనవాళ్లు కాదు వదినా, వాళ్లు చట్టర్జీలు. నవరాత్రికి మొత్తం క్వార్టర్స్‌లో దుర్గ పందిరి వేయించేది ఆయనే’ అన్నాడు బాబాయి. దుర్గమ్మ పందిరి వేసే ఇంట్లో నక్షత్రం ఎందుకు కట్టారో అమ్మకు బోధపడలేదు. బాబాయి ఆ క్షణం కోసమే ఉత్తరం రాసినట్టు నవ్వాడు.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం ఖిదిర్‌పూర్‌లో ట్రాము ఎక్కాం. కలకత్తాలో నాకు అన్నిటి కంటే నచ్చింది ఏదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ ట్రామే అంటాను. ఊరి మధ్యలో అంత పెద్ద మైదానం, ఆ మైదానంలో చెట్ల కింద గడ్డిలోనుంచి పట్టాలు, ఆ పట్టాల మీద గంట కొట్టుకుంటూ, ఎవరికీ తొందర లేనట్టు నడిచే రెండు పెట్టెల బండి. ముందు పెట్టె మొదటి తరగతి, అందులో ఫ్యాన్లు ఉండేవి; వెనకది రెండో తరగతి, టికెట్టు కాస్త తక్కువ. డిసెంబరులో ఫ్యాన్లకు డబ్బులివ్వడం దండగని నాన్న మమ్మల్ని వెనక పెట్టెలో కూర్చోబెట్టారు. చలి మన లెక్కన పెద్ద చలి కాదు, అయినా ట్రాములో మగవాళ్లందరూ కళ్లూ ముక్కూ తప్ప మరేమీ కనబడకుండా మంకీ క్యాపులు తొడుక్కుని, మెడకు మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. విశాఖ చలికి పైట కొంగు కప్పుకుంటే చాలనుకునే మామ్మ వాళ్లను జాలిగా చూసింది.

ఎస్ప్లనేడ్‌లో దిగి న్యూ మార్కెట్‌కు నడిచాం. 1874లో కట్టిన ఆ ఎర్ర ఇటుకల బజారులో, అంతకు ముందటి డిసెంబరులోనే నిప్పంటుకుని ఒక భాగం కాలిపోయింది. ఆ మసి చూసి వ్యాపారం లేదనుకుంటే పొరపాటే. మిగిలిన వరసల్లో కాలు పెట్టే చోటు లేదు. నక్షత్రాలు, గాజు బుడగలు, దూది అంటించిన క్రిస్మస్ చెట్లు, టర్కీ కోళ్లు, డార్జిలింగ్ కమలాపండ్లు, వాటి పక్కన కేకులు, కేకుల పక్కన మళ్లీ కేకులు. మా విశాఖలో కేకు అంటే పుట్టినరోజుకు ఆర్డరిచ్చే గులాబీ క్రీము కేకు. ఇక్కడ క్రీము లేదు, పువ్వులు లేవు, నల్లగా ఇటుకరాయిలా ఉన్నదాన్ని కొనడానికి జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. వాళ్లలో సగానికి సగం మంది ఆడవాళ్లకు నుదుట సిందూరం, చేతులకు పోలా అనే ఎర్రటి గాజులు, తెల్లటి శంఖపు గాజులు.

బాబాయి మమ్మల్ని తీసుకెళ్లి నిలబెట్టింది నాహూమ్స్ దుకాణం ముందర. బాగ్దాదు నుంచి వచ్చి కలకత్తాలో స్థిరపడ్డ యూదుల కుటుంబం 1902లో మొదలుపెట్టిన బేకరీ అది. ఆ ముక్క వినగానే మామ్మ ముఖంలో వచ్చిన మార్పు నేను ఎన్నటికీ మరచిపోను. ఆవిడ దృష్టిలో యూదులంటే బైబిల్లో ఉండేవారు, ఆ తరవాత వాళ్లు ఏమయ్యారో ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు. ‘యూదులా? మన యూదులేనా? అబ్రాహాము సంతానం?’ అని బాబాయిని మూడుసార్లు అడిగి, అవునని రూఢి చేసుకున్నాక, పాత టేకు అద్దాల బీరువాల వెనక పొట్లాలు కడుతున్నవాళ్లందరినీ ఒక్కొక్కరినే పరికించడం మొదలుపెట్టింది. పనివాళ్లు బెంగాలీలూ ముస్లిములూనని బాబాయి ఎంత చెప్పినా ఆవిడ చూపు తిప్పుకోలేదు. క్రీస్తు పుట్టాడని నమ్మని వాళ్లు క్రీస్తు పుట్టినరోజుకు కేకులు చేయడమేమిటో, వాటిని ముస్లిములు కాల్చి హిందువులు కొనుక్కుపోవడమేమిటో ఆ వరసలో నిలబడి ఆవిడ సమన్వయం చేసుకోవడానికి ప్రయత్నించింది. మా వంతు వచ్చేసరికి, ‘సరే, రెండు తీసుకో. ఒకటి పాస్టరమ్మగారికి’ అంది.

ఆ కేకును నేను ఆ రాత్రే దగ్గరగా చూశాను. దారం విప్పి, అట్టపెట్టె తెరిచి, లోపలి నూనె కాగితం తొలగించగానే గది అంతా ఒక తీపి వగరు వాసన వ్యాపించింది. పైన ముదురు గోధుమరంగు, అక్కడక్కడ బాదం పలుకులు. పిన్ని కత్తి దించితే అది మెత్తగా దిగలేదు, పట్టి పట్టి దిగింది. కోసిన వైపు చూస్తే పిండి కంటే పండ్లే ఎక్కువ: ఉబ్బిన కిస్మిస్‌లు, చక్కెరపాకంలో ఊరిన నారింజ తొక్క ముక్కలు, చెర్రీలు. వేళ్లకు జిగురుగా అంటుకుంది. నమిలితే ముందు తీపి, వెనక చిన్న చేదు. నాకు మొదటి ముక్క నచ్చలేదు, మూడో ముక్కకు నచ్చింది. అందులో రమ్ము పోస్తారేమోనని అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పరీక్షించింది. ఎవరూ ఆవిడకు స్పష్టంగా సమాధానం చెప్పలేదు.

మళ్లీ సాయంత్రానికి వస్తాను. న్యూ మార్కెట్ నుంచి పార్క్ స్ట్రీట్‌కు నడిచేసరికి దీపాలు వెలిగించారు. ఇప్పుడు అక్కడ ప్రభుత్వమే పూనుకుని, 2011 నుంచి, ఆలెన్ పార్కులో వేదికలు వేసి ఉత్సవం జరిపిస్తోంది. నేను చూసిన నాడు హోటళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు ఎవరి ముంగిట వాళ్లు వేసుకున్న బల్బుల తోరణాలే. ఫ్లూరీస్ అద్దాల వెనక తెల్లటి బల్లల దగ్గర కూర్చుని టీ తాగుతున్నవాళ్లను మేము పేవ్‌మెంటు మీద నిలబడి చూశాం. లోపలికి వెళ్దామని తమ్ముడు నాన్న చెయ్యి లాగాడు. నాన్న గుమ్మం దగ్గర పెట్టిన ధరల పట్టీ చదివి, తమ్ముడికి బయట వేరుశనగలు కొనిపెట్టారు. ఆ వీధిలో నడుస్తున్న జనం ఎక్కడికీ వెళ్లడం లేదు. పెళ్లాం పిల్లలతో ఆ చివరి దాకా వెళ్లి, తిరిగి ఈ చివరికి వచ్చి, మళ్లీ అటు వెళ్తున్నారు. క్రిస్మస్ తాత వేషగాడితో చెయ్యి కలిపిన ఒక చిన్న పిల్లవాడి నుదుట నల్లటి దిష్టిచుక్క ఉంది.

మామ్మకు ఆ నడక ఎక్కువైందని టాక్సీ మాట్లాడుకుని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు చేరాం. 1847లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి శిఖరం 1934 భూకంపంలో కూలిపోతే, ఇంగ్లండులోని కాంటర్‌బరీ కెథడ్రల్ బురుజు నమూనాలో కొత్తది కట్టారు. దీపాల వెలుగులో ఆ తెల్లటి బురుజు చూసి మా సంఘం పెంకుల గుడి గుర్తొచ్చి నాకు కొంచెం సిగ్గేసింది, ఆ సిగ్గుకు మళ్లీ బాధేసింది. అర్ధరాత్రి ఆరాధనకు రెండు గంటల ముందే లోపలి బెంచీలు నిండిపోయాయి. వెనక వరసల్లోనూ, తలుపుల దగ్గరా, బయట పచ్చికలోనూ నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది మంకీ క్యాపుల వాళ్లే. మామ్మ పండుతల చూసి ఎవరో ఒక యువకుడు లేచి చోటిచ్చాడు. ఆవిడ పక్కన నన్ను ఇరికించారు. ఆర్గన్ మొదలవగానే బెంచీ చెక్క సన్నగా వణకడం నాకు తొడల కింద తెలిసింది. ఇంగ్లిషు పాట మాకు రాకపోయినా రాగం మాదే. మామ్మ గొంతెత్తి తెలుగులో అందుకుంది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు, ఆవిడ మరో చరణం కూడా పాడింది.

ఆ రాత్రి తిరిగి వచ్చాక, పిల్లలం నిద్రపోయామనుకుని, పెద్దవాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ‘అంతమంది వచ్చారు, నిజమే. పాడినవాళ్లు ఎంతమంది? ప్రార్థనలో తల వంచినవాళ్లు ఎంతమంది? తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు’ అంది అమ్మ. ‘వచ్చారు కదా’ అన్నారు నాన్న. ‘వస్తే సరిపోతుందా?’ ‘మన ఊళ్లో ఎవరొచ్చారు?’ అన్నారు నాన్న. అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, ‘మనం పిలిచామా?’ అంది. అది ఎదురుప్రశ్నో, ఒప్పుకోలో నాకు అప్పుడు తెలియలేదు. వాళ్లిద్దరి మధ్య ఆ వాదన ఆ తరవాత ఏళ్ల తరబడి, ముఖ్యంగా డిసెంబరులో, రకరకాల రూపాల్లో సాగింది. నేను పెద్దదాన్నయ్యాక ఎక్కువసార్లు నాన్న వైపే ఉన్నాను. కానీ పండగ ఊరందరిదీ అయినచోట అది భక్తుల చేతిలో ఎంత మిగులుతుందన్న అమ్మ శంకను కొట్టిపారేయడం నాకు నేటికీ చేతకాదు.

పండగనాటి ఉదయం బాబాయి వరండాలో, చుట్టుపక్కల క్వార్టర్స్‌లోని తెలుగు కుటుంబాలు కొన్ని చాపల మీద కూర్చుని ప్రార్థన చేశాయి. అమ్మ అప్పుడు తెరిపిన పడింది. మాంసం కూర, పలావు అయ్యాక పిన్ని పిల్లలు ఇద్దరూ ‘జూ, జూ’ అని గోల మొదలుపెట్టారు. కలకత్తావాళ్లకు డిసెంబరు ఇరవై అయిదున ఆలీపూర్ జంతుప్రదర్శనశాలకు వెళ్లడం కూడా పండగలో భాగమేనట. ఆ మధ్యాహ్నం అక్కడున్న జనాన్ని చూస్తే, 1876లో తెరిచిన ఆ తోటను జంతువుల కోసం కాక మనుషుల కోసమే పెట్టారనిపించింది. తెల్లపులి దగ్గర నాన్న తమ్ముణ్ణి భుజాల మీదికి ఎక్కించుకున్నా వాడికి తోక మాత్రమే కనిపించింది. అద్వైత అనే పెద్ద తాబేలును మాత్రం తృప్తిగా చూశాం, అది కదలదు గనక. అది క్లైవు కాలం నాటిదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. అది 2006లో చనిపోయినప్పుడు పత్రికలో చదివి బాబాయికి ఫోన్ చేశాను.

పచ్చిక మీద ఎటు చూసినా దుప్పట్లు, టిఫిను క్యారియర్లు, కమలా తొక్కలు. మా దుప్పటి పక్కనే ఒక బెంగాలీ కుటుంబం చేరింది. అమ్మ అలవాటు కొద్దీ డాల్డా డబ్బా తెరిచి వాళ్ల పిల్లలకు అరిసెలు పెట్టింది. ఆ ఇల్లాలు అరిసెను విరిచి, వాసన చూసి, తన భర్తతో ఏదో ఉత్సాహంగా చెప్పి, తన డబ్బాలోంచి జయనగర్ మోవాలు తీసి అమ్మ చేతిలో పెట్టింది. పేలాలను కొత్త బెల్లంతో కట్టిన ఉండలవి. అమ్మ ఒకటి కొరికి, ‘ఇది ఈత బెల్లమే! మా పుట్టింట్లో చలికాలం కాచేవారు’ అంది. అంతే, ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాకుండా ఇద్దరూ అరగంట సేపు పాకాల గురించి మాట్లాడుకున్నారు. బియ్యం ఎంతసేపు నానబెట్టాలో అమ్మ చేతి గడియారం మీద వేలితో చూపిస్తే, ఆవిడ తల ఊపి, తాము పుష్యమాసంలో చేసే పిఠాల పిండి ఎలా ఉండాలో అరచేతిలో గాలిని పిసికి చూపించింది. పండగపూట జంతువులను చూడ్డమేమిటని దారంతా సణిగిన మనిషి ఆవిడేనా అని నాన్న బాబాయి వైపు చూశారు.

మర్నాడు మామ్మది. హౌరా నుంచి లోకల్ బండిలో సెరంపూర్ సుమారు ఇరవై కిలోమీటర్లే. మామ్మకు ఆ ఊరి పేరు మా పాస్టరు గారి ఇంటి ముందు బోర్డు మీద, ఆయన డిగ్రీ పక్కన చదివి తెలుసు. అంతకు ముందు తాతగారి నోట విని తెలుసు. ఒకప్పుడు డెన్మార్క్ వాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు అది, 1845లో ఇంగ్లిషువాళ్లకు అమ్మేశారు. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే బాప్టిస్టు మిషనరీలు అక్కడ అచ్చుకూటం పెట్టి దేశభాషల్లో పుస్తకాలు వేశారని మా సండే స్కూల్లో అందరికీ చెప్పేదే. తాతగారు చెప్పినది వేరు. 1805లో మన విశాఖపట్నానికి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు వచ్చారు. డెస్ గ్రాంజెస్ ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తలను తెలుగు చేస్తూ, 1810లో మన ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన వదిలిపెట్టిన ఆ తెలుగు సువార్తలు 1812లో అచ్చయింది సెరంపూర్‌లోనే. ఆ ఏడాది మార్చిలోనే అచ్చుకూటానికి నిప్పంటుకుని, కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణంతో సహా వ్రాతప్రతులు ఎన్నో బూడిదయ్యాయి. కరిగి ముద్దయిన సీసాన్ని ఏరి మళ్లీ అక్షరాలు పోతపోశారు. కేరీ వ్యాకరణం మళ్లీ రాశాడు, 1814లో అది వెలువడింది. విశాఖలో మొదలైన పని ఈ ఊళ్లో పుస్తకమైందని, ఎప్పటికైనా వెళ్లి చూడాలని, బడిపిల్లలకు అచ్చులూ హల్లులూ దిద్దించిన మనిషి ఇంట్లో అనేవాడట. మాస్టారి జీతం మీద ఆ ‘ఎప్పటికైనా’ రాలేదు.

కాలేజీ క్రిస్మస్ సెలవుల్లో మూసి ఉంది. 1818లో స్థాపించిన ఆ కాలేజీ పెద్ద స్తంభాల భవనాన్నీ, డెన్మార్క్ రాజు కానుకగా చెప్పుకునే ఇనుప మెట్లనూ కాపలా మనిషి దయతో గుమ్మం దాకా వెళ్లి చూశాం. ఎదురుగా హుగ్లీ. అక్కడి నుంచి రిక్షాలో సమాధుల తోటకు వెళ్లాం. కేరీ చనిపోయిన 1834 అన్న అంకెలు నా చేత చదివించుకుని, మామ్మ వేళ్ల మీద లెక్క పెట్టి, ‘మీ తాతగారు పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందు’ అంది. ఏడుస్తుందేమోనని నాన్న పక్కనే నిలబడ్డారు. ఏడవలేదు. నీడ చూసుకుని కూర్చుని, పిన్ని కట్టిచ్చిన పులిహోర పొట్లాలు విప్పి అందరికీ పంచి, తాతగారి వాటా అన్నట్టు ఒక పొట్లం ఎక్కువ ఉంటే రిక్షావాడికిచ్చింది. తిరుగు బండిలో మాత్రం, తాతగారు పిల్లలను ఎలా కొట్టేవాడో, కొట్టాక సాయంత్రం ఎలా బాధపడేవాడో, మాకెవరికీ తెలియని సంగతులు హౌరా దాకా చెబుతూనే ఉంది.

మెట్రో గురించి రాయకపోతే తమ్ముడు నన్ను క్షమించడు. దేశంలో మొదటి భూగర్భ రైలు అది, 1984 అక్టోబరులో మొదలైంది. మేము వెళ్లేనాటికి ఎస్ప్లనేడ్ నుంచి టాలీగంజ్ దాకా నడుస్తోంది. వాడు అటూ ఇటూ తిరిగి తిరిగి ఎక్కాడు. అమ్మ కదిలే మెట్ల దగ్గర చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని, యేసు నామం తలచుకుని అడుగేసింది.

తిరిగి వచ్చాక మామ్మ స్త్రీల సమాజంలో సెరంపూర్ గురించి సాక్ష్యం చెప్పింది. సమాజం వాళ్లు వినయంగా విని, ఆ తరవాత యూదుల కేకు గురించి అడిగారు. పాస్టరమ్మగారికి ఇచ్చిన కేకు అప్పటికే వీధంతా ముక్కలు ముక్కలుగా తిరిగింది. ‘మీరు చెయ్యలేరా?’ అని పక్కింటి లక్ష్మి పిన్ని అమ్మను అడిగింది. మరుసటి డిసెంబరులో అమ్మ, రబ్బరు తీసేసిన ప్రెషర్ కుక్కర్లో ఇసుక పోసి, టూటీఫ్రూటీ, కిస్మిస్, జీడిపప్పు వేసి, రమ్ము బదులు నారింజ రసం పోసి ప్రయత్నించింది. మొదటిది అడుగంటింది, రెండోది కుదిరింది. ఆ తరవాత ఏటా అరిసెల పళ్లెంలో ఒక కేకు ముక్క చేరింది, ఆ ముక్క కోసం వచ్చే హిందూ పిల్లలు మా వరండాలో నక్షత్రం కట్టడానికి కూడా రావడం మొదలుపెట్టారు. తరవాత వాళ్ల అమ్మలు క్యారల్స్ రాత్రి మా గుమ్మంలో కూర్చున్నారు. అమ్మ వాళ్లను పాడమని అడగలేదు, ఎందుకు పాడటం లేదని కూడా అడగలేదు. ఇదంతా చూస్తున్న నాన్న కలకత్తా మాట ఎత్తలేదు. పక్కవీధికి కూడా పంపాలంటే ఇంకో కుక్కరు కొనాల్సి ఉంటుందని మాత్రం ఒకసారి అన్నారు.